డ్యూటీ నుంచి వచ్చినంక బెల్లం ముక్క

సమ్మక్క జాతర దగ్గరపడ్డదంటె గోదావరిఖని బజార్ల కాలు పెట్టరాదు. కిరాణం దుకాణాల ముంగట బెల్లం దిమ్మలు మనిషెత్తు పేరుస్తరు. పక్కకే పెద్ద కాంటా. మొక్కుకున్నోళ్లు ఒక దిక్కు కూసుంటె రెండో దిక్కు వాళ్ల బరువంత బెల్లం ఎక్కిస్తరు. దాన్ని మేం బెల్లం అనం, బంగారం అంటం. తల్లులకు అప్పజెప్పి, చేతుల పడ్డ ముక్కను కండ్లకద్దుకొని నోట్లేసుకుంటం.

మొన్న నేనూ మా అక్కా కూరగాయలు కొనుక్కొని వస్తున్నం. మూల తిరిగినమో లేదో ఎదురుంగ ఆ బెల్లం గుట్ట. అక్క నిలబడ్డకాడనే నిలబడ్డది. దుకాణపాయన గిరాకీ అనుకొని, "దా అవ్వా, ఎవరి ఎత్తు జోకాలె?" అన్నడు. అక్క నా జబ్బ పట్టుకొని రోడ్డు అవతలికి గుంజుకపోయింది. ఓ దర్జీ దుకాణం అరుగు కాడ ఆగి, రొప్పుకుంట నన్నొక మాట అడిగింది.

ఆ మాట ఇప్పుడే చెప్తె మీకు సమజ్ గాదు. ముందుగాల మా బావ ఎసోంటి మనిషో చెప్పాలె.

బావ అంటె మా అక్క మొగడు. బొగ్గుబాయిల కప్పు కూలకుంట దుంగలు నిలబెట్టే టింబర్‌మన్ పని. మేం బాయి అంటె నీళ్లబాయి గాదు, బొగ్గు గని. కిందికి దిగినంక, మనుషులను లోపటికి పంపకముందు కప్పును కర్రతోని కొట్టి చూస్తరు. గట్టిగుంటె ఒక తీరు చప్పుడు, డొల్లగుంటె ఒక తీరు. ఆ చప్పుడు చెవిల పడి పడి బావకు ప్రపంచమంత కొట్టి చూసే అలవాటైంది. కర్బూజను కొట్టి చూస్తడు, కుండను కొట్టి చూస్తడు, కొత్త తలుపును కొట్టి చూస్తడు. నా పెండ్లి సంబంధం చూడొచ్చిన రోజు మా ఆయన భుజం మీద మడిచిన వేలుతోని రెండు దెబ్బలు ఏసి, "పిల్లగాడు గట్టిగనే ఉన్నడు మరదలా, దిగొచ్చు" అన్నడు. వచ్చినోళ్లందరు ఘొల్లున నవ్విండ్రు. సిగ్గుతోని నాకు సచ్చేంత పనైంది.

మా క్వార్టరూ వాళ్ల క్వార్టరూ ఎదురుబొదురు. నా గడపల కూసుంటె వాళ్ల గడప కనవడ్తది. అందుకే నేను చూసింది చూసినట్టే చెప్తున్న, ఎవలో చెప్పంగ విన్నది గాదు.

ఫస్ట్ షిఫ్టు ఉంటె మాపు కాకముందే వస్తుండె. సైకిల్ బెల్లు రెండుమాట్ల కొడ్తడు. ఆ చప్పుడుకే అక్క లోపలికెల్లి ఒస్తది. బాయి కాడ తానం చేసి వచ్చినా గోర్లల్ల, చెవులల్ల, కండ్ల అంచులల్ల బొగ్గు పోదు, కాటిక పెట్టుకున్నట్టు ఉంటది. చేతులు మసిగున్నయని ఏదీ ముట్టడు. గడప కాడ నిలబడి పిట్టపిల్ల లెక్క నోరు తెరుస్తడు. అక్క నిమ్మకాయంత బెల్లం ముక్క ఆ నోట్ల పెడ్తది. దాన్ని దవడకు పెట్టుకొని అరుగు మీద కూసొని కండ్లు మూసుకుంటడు. అది కరిగేదాక పలుకడు. కరిగినంక చెంబెడు నీళ్లు తాగి, "ఆ... దుమ్ము దిగింది" అంటడు.

"ఏంది బావా, చంటిపిల్లగానివా? అక్క తినవెడ్తె గాని తినవా?" అని నేను ఈడికెల్లి ఒర్లుతుంటి.

"కుళ్లుకో కుళ్లుకో. నీ మొగడు నోరు తెరిస్తె నువ్వు పెడ్తున్నది తిట్లేనాయె" అంటుండె.

ఈ బెల్లం సంగతి కొత్తదేం గాదు. బొగ్గు దుమ్ము గొంతుల, రొమ్ముల పేరుకపోతదని, బెల్లం దాన్ని కిందికి గుంజుకపోతదని మా దిక్కు అందరికి ఎర్కే. మా నాయిన గూడ బాయిల పనిజేసినోడే. మా అమ్మ ఆయన నోట్ల పెట్టింది. బావ తల్లి కొడుకు నోట్ల పెట్టి, కోడలు రాంగనే బెల్లం డబ్బ కోడలు చేతుల పెట్టింది. వాడకట్టుల ఏ ఇంట్ల చూసినా అల్మారల ఆ డబ్బ ఉండేది. పంచదార డబ్బ వంటింట్ల ఉంటది, బెల్లం డబ్బ ఝండుబామ్ పక్కకు, జ్వరం గోళీల పక్కకు ఉంటది.

ఇగ బువ్వ. బావ బువ్వ మనిషి. అక్క గంజి వంచే ఏళకు ఎక్కడున్నా వచ్చి వంటింటి తలుపు కాడ కూసుంటుండె. ఆ పొగ ముక్కుతోని పీల్చి, "సగం కడుపు నిండిందే" అంటుండె. చిన్నప్పుడు ఇంట్ల పొద్దుమాపు మక్క గట్కనే. పండుగ పూట తప్ప తెల్లబువ్వ చూసినోడు గాదు. "నేను బాయిల చేరింది జీతానికి గాదు మరదలా, బువ్వకు" అని ఎన్నిమాట్ల చెప్పిండో. పప్పు పోసి, తొక్కు ఏసి, ఐదు వేళ్లతోని నిమ్మళంగ పిసికి, ముద్దలు చేసి కంచం అంచుకు వరుసగ పెట్టుకొని, అన్ని అయినంక మొదటిది ఎత్తుతుండె. ఆయన తింటుంటె చూసేటోళ్లకు ఆకలయ్యేది.

అట్లాంటి మనిషికి షుగర్ వచ్చింది.

మొదట నవ్విండు. "తీపి మనిషిని గద, లోపల గూడ తీపే ఉంటది" అన్నడు. నవ్వు ఎన్నడు ఆగిందంటె, బూటు కరిసి కాలి బొటనవేలు కాడ చిన్న పుండు లేసినప్పుడు. బాయిల నీళ్లల్ల నానిన బూట్లు కరుసుడు అందరికి ఉండేదే. అందరికి వారంల మానుతది, బావకు మానలె. దవాఖానల పెద్ద డాక్టర్ పుండు చూసి, రక్తం కాయితం చూసి, మెల్లగ చెప్పిండు. "షుగర్ దిగకుంటే ఈ పుండు మానదు. ఇది మానకుంటే వేలు తీయాలె. అప్పటికీ దిగకుంటే పాదం." తినేదంత అడిగిండు. అన్నం ఎంత, చాయ్‌ల చక్కెర ఎంత, మిఠాయి తింటవా, మందు తాగుతవా. బావ ఉన్నదున్నట్టు చెప్పిండు. బువ్వ తగ్గియ్యాలె, రొట్టె తినాలె, కూరగాయలు ఎక్కువ తినాలె, చక్కెర బందు అని డాక్టర్ చెప్పిండు.

ఆ రోజు దవాఖాన మెట్ల మీద కూసొని బావ తన కాలు దిక్కు చూసిన చూపు నాకు ఇప్పటికీ కండ్లల్లనే ఉన్నది. దుంగను భుజానెత్తుకొని కప్పు కిందికి తీసుకపొయ్యి నిలబెట్టేది ఆ కాళ్లేనాయె. "కాలు లేని టింబర్‌మన్ ఏం జేస్తడే?" అని అక్కనడిగిండు.

ఇంటికొచ్చి, "ఇయ్యాల్టి సంది నాకు బువ్వ పెట్టకు" అన్నడు. తగ్గిస్త అనలె, బందు అన్నడు. అట్లనే బందు చేసిండు. చాయ్‌ల చక్కెర బందు. ఆలుగడ్డ బందు. సీతాఫలాల కాలంల సీతాఫలం బందు. బతుకమ్మకు సద్దులు కలుపుకొని అందరం తింటుంటె లేసి బజారుకు పోయిండు. కల్లు సుత ఇడిసిపెట్టిండు. నోరు కట్టేసుకుంటమని అందరు అంటరు, కట్టేసుకున్నోన్ని నేను ఈయన్నే చూసిన.

జొన్నరొట్టె అంటె ఆయనకు పగ. కంచంల పడంగనే మడిచిన వేలుతోని దాన్ని కొడ్తుండె. టక్కు టక్కు. తల పక్కకు వంచి వింటుండె. "కప్పు గట్టిగనే ఉన్నది. మందిని పంపొచ్చు" అని అప్పుడు ముక్క తుంచుతుండె. మొదట్ల అది నవ్వులాటనే. రాను రాను నవ్వు పోయింది గాని వేలుతోని కొట్టుడు పోలె.

ఓ ఐతారం మా ఇంటికి భోజనానికి పిలిచిన. తన రొట్టె డబ్బల పెట్టుకొనే వచ్చిండు. నేను టమాట పప్పు చేసిన, నెయ్యి కాగబెట్టిన. రొట్టె తిని చెయ్యి కడుక్కొని, మేం తింటుంటె మా ముందట కూసున్నడు. కొంచెం సేపు చూసి, "మరదలా, నీ కంచం ఇటియ్యి" అన్నడు.

"బావా!" అని అరిచిన.

"తిననే తల్లీ. కలుపుత, అంతే."

ఇచ్చిన. ఎన్నొద్దులకు ఆయన ఐదు వేళ్లు బువ్వల పెట్టిండో. పప్పు పోసి, నెయ్యి ఏసి, నిమ్మళంగ పిసికి, ముద్దలు చేసి కంచం అంచుకు వరుసగ పెట్టిండు. ఒక్క మెతుకు గూడ నోటి దిక్కు పోలె. కంచం నా దిక్కు జరిపి, "తిను" అన్నడు. తిన్న.

"మంచిగున్నదా?"

"మంచిగున్నది బావా."

"ఎట్ల మంచిగున్నది? చెప్పు."

ఏం చెప్పాలె? బువ్వ ఎట్లుంటదో బువ్వ తిన్నోనికి ఎట్ల చెప్పాలె? మా ఆయన తలొంచుకున్నడు. బావ లేసి పోయి చేతిని సబ్బుపెట్టి కడిగిండు. వాసన పోయిందో లేదో మూచూసుకొని మల్ల కడిగిండు.

ఇంత చేసినా షుగర్ దిగలె. చూసినప్పుడల్ల అంతే, లేకుంటె ఇంకింత. పుండు నల్లవడ్డది. డాక్టర్ గోళీలు పెంచిండు. "ఏమైనా తింటున్నవా?" అని అడిగిండు. "లేదు సార్" అన్నడు బావ. అది అబద్ధం గాదు. అక్క రెండు రొట్టెలను ఒకటి చేసింది, ఒకటిని సగం చేసింది. పొద్దుగాల కాకరకాయ రసం, నానేసిన మెంతులు, నేరేడు గింజల పొడి, ఎవలేది చెప్తె అది. వాళ్లింట్ల బువ్వ వండుడే బందు పెట్టింది. మంచిర్యాలల ఉండే వాళ్ల బిడ్డ వస్తె నా ఇంట్ల తిని పొయ్యేది. మనిషి చిక్కి సగమైండు. అంగి హ్యాంగర్‌కు వేసినట్టు వేలాడేది. డ్యూటీకి పోకుంట ఉండలేడు, పోయి ఆ సగం రొట్టె మీద దుంగలు మొయ్యలేడు.

అప్పుడు అక్కకు అనుమానం పుట్టింది. మనిషి దొంగతిండి తింటున్నడని. అంగి జేబులు చూసుడు, మూచూసుడు. డ్యూటీకి పోయినంక బస్టాండ్ కాడి హోటల్‌కు పోయి, "మా ఆయన ఏమైనా తింటున్నడా?" అని అడిగొచ్చింది. ఆ హోటలాయన, "చాయ్ గూడ చక్కెర లేకుంట తాగుతడమ్మా, పాపం" అన్నడట. ఆమె నమ్మలె. ఓ రోజు నలుగురు చూస్తుంటెనే గడపల కొట్లాట పెట్టుకున్నది. "చెప్పు, ఎక్కడ తింటున్నవ్? నీ కాలు పోతది, నా బతుకు పోతది, చెప్పు!" అని అంగి పట్టుకొని గుంజింది. బావ ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టిండు. "నీ మీద ఒట్టు. నువ్వు పెట్టింది తప్ప ఇంకోటి నా నోట్లకు పోతలేదు" అన్నడు.

అది గూడ అబద్ధం గాదు. నేను నా గడపలనే నిలబడి ఉన్న. ఆ ఒట్టు విన్న. అంతకు కొంచెం సేపటి ముందే ఆయన నోరు తెరిస్తె ఆమె బెల్లం పెట్టంగ చూసిన. రెండు పక్కపక్కకు పెట్టి చూడాలన్న సోయి నాకు గూడ లేకపాయె, వాడకట్టుల ఎవలకూ లేకపాయె.

బొటనవేలు తీసిండ్రు. దవాఖానల ఉన్నన్నొద్దులు వాళ్లు పెట్టిందే తిన్నడు. షుగర్ దిగింది! సిస్టరమ్మ చెప్తె అక్క ఆడనే ఆమెకు దండం పెట్టింది. ఇంటికొచ్చి సిక్కు సెలవుల ఉన్నన్నొద్దులు మంచిగనే ఉన్నది. పుండు ఎర్రవడి మానుకొచ్చింది. "చూసినవా, రొట్టె పనిజేసింది" అని అక్క. "కప్పు నిలబడ్డదే" అని బావ. నేను గూడ ఆ రోజు పచ్చిపులుసు చేసుకొని వాళ్లింటికి పోయి కూసొని నవ్విన.

సెలవు అయిపోయింది. బాయి దిగిండు. నెల తిరుగకముందే షుగర్ మల్ల ఎక్కింది. పుండు మల్ల తెరుసుకున్నది.

ఇగ బావ తలకాయ పని చేసుడు మొదలువెట్టింది. "బాయిలనే ఏదో ఉన్నదే" అన్నడు. "పైన ఉన్నన్నొద్దులు మంచిగుంటున్న. దిగితె పెరుగుతున్నది. తిండి అదే, మనిషిని నేనే. కింద గాలిలనే ఉన్నది." ఆ మాటకు ఎవలం ఎదురు చెప్పలేకపోయినం. లెక్క సాఫ్‌గ కనవడ్తుండె గద. తోటి పనోళ్లు గూడ అవునంటె అవునన్నరు. యూనియన్ వాళ్ల కాళ్లు గడ్డాలు పట్టుకొని సర్ఫేస్ పని ఇప్పించుకున్నడు. ఏండ్లకేండ్లు కింద బతికినోడు పైకి వచ్చిండు. బొగ్గు పోయే బెల్టు కాడ ఏసిండ్రు. ఆ బెల్టు కాడ దుమ్ము బాయిల కంటె ఎక్కువ. సైకిల్ దిగంగనే ఖళ్లు ఖళ్లున దగ్గుతుంటె, "అయ్యో, దుమ్ము ఎంత పోతుందో లోపటికి" అని అక్క బెల్లం ముక్క పెద్దది చేసింది.

ఆ తర్వాతి నెలల పాదం నల్లవడ్డది. జరం. మల్ల అదే దవాఖాన, అదే వార్డు. "కాలు నిలబడితె ఈయన ఎత్తు బంగారం ఇస్త తల్లీ" అని అక్క గోడకు మొక్కుకున్నది. డాక్టర్ ఆపరేషన్ రాసి పోయిండు. కొత్తగొచ్చిన సిస్టరమ్మ ఒకామె అట్ట పట్టుకొని మంచం పక్కకు వచ్చింది. తిండి సంగతి అడుగలె, ఆపరేషన్‌కు ముందు అడిగేది అడిగింది. "ఏమేం మందులు వాడుతున్నరమ్మా? గోళీలు, చెట్లమందులు, నాటుమందులు, అన్నీ చెప్పాలె. ఏదీ మర్చిపోవద్దు."

అక్క వేళ్లు మడుసుకుంట చెప్పింది. పొద్దుటి గోళీలు, మాపటి గోళీలు. కాకర రసం. మెంతులు. నేరేడు పొడి. "ఇగ డ్యూటీ నుంచి వచ్చినంక బెల్లం."

సిస్టరమ్మ రాస్తున్న చెయ్యి ఆగింది. "బెల్లమా? ఎందుకు?"

"దుమ్ముకు సిస్టరమ్మా. బాయి పనోళ్లు అందరు తింటరు గద."

"రోజూనా?"

"డ్యూటీ ఉన్న రోజు. సెలవుంటె పెట్ట."

"ఎంత పెడ్తవు?"

అక్క వేళ్లు గుండ్రంగ చేసి చూపించింది. సిస్టరమ్మ ఆ వేళ్ల దిక్కు చూసింది, మంచం మీది కాలు దిక్కు చూసింది. "బెల్లం గూడ చక్కెరనే కదమ్మా" అన్నది.

"అది తినుడు గాదు గద. మందు గద" అన్నది అక్క.

ఆ సిస్టరమ్మ కోపం చెయ్యలె. చేసినా బాగుండు. "దుమ్ము ఊపిరితిత్తులల్లకు పోతది. బెల్లం కడుపులకు పోతది. అది దీన్ని యాడ కలుస్తదమ్మా? ఒక్క బెల్లంతోనే ఇంత అయిందని నేననను. కానీ అది రోజూ పోతుంటె మీరు ఎన్ని రొట్టెలు చేస్తె ఏం లాభం?" అని, ఇంకో మంచం కాడికి పోయింది.

అక్క వేళ్లు ఇంక గుండ్రంగనే ఉన్నయ్. వాటి దిక్కే చూస్తున్నది. డ్యూటీ ఉన్న రోజు, సెలవున్న రోజు. ఎక్కింది, దిగింది, ఎక్కింది. ఆమెకు అంత సమజ్ అయితున్నది ఆమె ముఖం మీదనే కనవడ్డది. ఎవలను తిట్టాలె? మా అమ్మనా? బావ తల్లినా? బెల్లం డబ్బను గోళీల పక్కకు పెట్టిన వాడకట్టునా? నాకు అప్పుడు లోకం మీద వచ్చిన కోపానికి ఆ వార్డు కిటికీలు పలగ్గొట్టబుద్ధైంది. అక్క మాత్రం ఏడ్వలె. ఆ కుడిచేతిని మంచం ఇనుప పట్టీకి కొట్టుకున్నది. మల్ల కొట్టుకున్నది. నేను పట్టుకున్నా ఆగకపాయె.

"ఏయ్" అన్నడు బావ. జరంల ఉన్నోడు, కండ్లు తెరువలేనోడు, మోచేతి మీద లేసిండు. "ఎందుకే గట్ల? నేను ఆ బెల్లం తింటె గద."

అక్క ఆగింది.

"నువ్వు పెడ్తవ్. నేను దవడకు పెట్టుకుంట. నువ్వు లోపటికి పోంగనే మోరీల ఉమ్మేసి ముఖం కడుక్కుంట. షుగర్ వచ్చిన కాడికెల్లి ఒక్కనాడు మింగలె. నీకు చెప్తె దుమ్ము ఫికర్ పెట్టుకుంటవని చెప్పలె. కావాలంటె మరదల్నడుగు, ఎదురుంగనే ఉంటది గద."

నా దిక్కు చూసిండు. ఆ చూపుల ఏం అడుగుతున్నడో నాకు తెలుసు. నేను చూసింది గూడ నాకు తెలుసు. అరుగు మీద కూసొని, కండ్లు మూసుకొని, బువ్వ లేదు, చక్కెర లేదు, పండు లేదు, దినమంతట్ల నాలుకకు అదొక్కటే తీపి అయినట్టు ఆఖరి పొడి దాక చప్పరించిండు. నీళ్ల బాటిల్ తీసుకొని నల్లా కాడికి పోయిన. తిరిగొచ్చేసరికి అక్క ఆయన పక్కకు మంచం మీద కూసొని ఉన్నది. బావ మడిచిన వేలుతోని ఆమె చేతి మీద మెల్లగ కొడ్తున్నడు.

కాలు మోకాలు కింద దాక తీసిండ్రు.

ఆ తర్వాత బతికిన కాలమంత బావ గడపల కుర్చీ ఏసుకొని కూసున్నడు. షుగర్ మంచిగనే ఉండె. చూసినప్పుడల్ల మంచిగనే ఉండె. డాక్టర్ శభాష్ అనేటోడు. గాని అప్పటికే కిడ్నీల దాక పోయింది ఆ రోగం. "మరదలా, ఇప్పుడు పాసైన చూడు, పరీక్ష అయిపోయినంక" అనేటోడు నాతోని. డ్యూటీకి పోయేటోళ్లు ఆగి పలుకరిస్తె, ఒక్కొక్కన్ని దగ్గరికి పిలిచి, "ఇంటికి పోయినంక బెల్లం తింటున్నవా? షుగర్ చూపించుకున్నవా? పోయి చూపించుకో" అని చెప్పేటోడు. కొందరు విన్నరు. కొందరు, "దుమ్ము మరి?" అన్నరు.

మొన్నటి ఎండాకాలం పోయిండు. కాకి ముడుతదని పిట్టకు పెట్టిన రోజు అక్క ఎన్నొద్దులకో ఆ ఇంట్ల ఎసరు పెట్టింది. గంజి వంచింది. తలుపు కాడ ఎవలూ కూసోలె. విస్తరాకుల గుట్టంత తెల్లబువ్వ పెట్టి, పప్పు పోసి, ముద్దలు చేసి అంచుకు వరుసగ పెట్టింది. చుట్టాలెవలో రివాజు ప్రకారం బెల్లం ముక్క తెచ్చి పక్కకు పెడ్తె అక్క దాన్ని తీసి అవతల పారేసింది. కాకి జల్దినే వచ్చింది. "ఆకలి మీదున్నడు" అన్నరు ఎవలో. అక్క లేసి లోపటికి పోయింది.

ఇగ, మొన్న దర్జీ దుకాణం కాడ అక్క అడిగిన మాట ఇది.

"నువ్వు ఎదురుంగనే ఉంటుంటివి గద. నిజంగనే ఉమ్మేస్తుండెనా?"

రోడ్డుకు ఆ దిక్కు కాంటాల ఎవలో పిల్లను కూసోబెడ్తున్నరు. పిల్ల నవ్వుతున్నది. బెల్లం వాసన ఈ దిక్కు దాక వస్తున్నది. దవాఖానల నేను చెప్పని మాటను బావ నా నోట్లనే పెట్టి పోయిండు.

"ఉమ్మేస్తుండె అక్కా" అన్న. "నా కండ్లార చూసిన. నువ్వు లోపటికి పోంగనే మోరీ కాడికి పోయేటోడు. ఒక్కనాడు మింగలె."

అక్క నా ముఖం దిక్కు చూసింది. చూసి, నా గదువ పట్టుకొని చిన్నప్పుడు ఊపినట్టు ఊపింది.

"ఉమ్మేసేటోడు, 'ఇయ్యాల ముక్క చిన్నగున్నదేందే?' అని అడుగుతడా?" అన్నది.

నేను రోడ్డు అవతలి కాంటా దిక్కు తల తిప్పుకున్న.

"ఆయన ముందట నమ్మినట్టే ఉన్న. పోయేదాక నమ్మినట్టే ఉన్న" అన్నది. "నువ్వు గూడ అదే చెప్తవో లేదో అని అడిగిన."

సంచి ఒక చేతిల నుంచి ఇంకో చేతికి మార్చుకొని, "నడువు, తోటకూర వాడిపోతది" అన్నది. ఇద్దరం ఇంటి దిక్కు నడిచినం.